రెండోసారి న్యూమోథొరాక్స్, వయసు 23: టాల్క్ ప్లూరోడెసిస్ చేస్తే పాతికేళ్ల తర్వాత పరిస్థితి ఏంటి?

ప్రశ్న: ఊరి_క్లినిక్ (జనరల్ ఫిజీషియన్)

అందరికీ నమస్కారం. ఛాతీ వైద్యులు, థొరాసిక్ సర్జన్లు ఉన్న గ్రూపు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

పేషెంటు వయసు 23, పొడగరి, బక్కపలుచని మనిషి. రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తాడు. ఎనిమిది నెలల కింద ఛాతీలో గాలి చేరి (న్యూమోథొరాక్స్) కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోతే ఐసీడీ, అంటే ఛాతీ పైపు, వేశారు, నాలుగు రోజుల్లో తీసేశారు. ఇప్పుడు అదే వైపు మళ్లీ వచ్చింది. టీబీ లేదు, ఆస్తమా లేదు. సీటీలో కుడి ఎపెక్స్ (ఊపిరితిత్తి పై కొస) దగ్గర చిన్న చిన్న బ్లెబ్‌లు (గాలి పొక్కులు) కనిపించాయి, ఎడమ వైపు శుభ్రంగా ఉంది. వాట్స్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) చేసి బ్లెబ్‌లు స్టేపుల్ చేసి, ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కునేలా టాల్క్ పొడి చల్లుదామని (టాల్క్ ప్లూరోడెసిస్) సర్జన్ గారు చెప్పారు.

తండ్రికి టాల్క్ మాట వినగానే భయం పట్టుకుంది. అమెరికాలో పౌడరు మీద నడిచిన క్యాన్సర్ కేసుల గురించి ఎక్కడో చదివారట. ఆయన అడిగేవి ఇవి. ఆ పొడి లోపల జన్మంతా ఉండిపోతుందా? క్యాన్సర్ వస్తుందా? ఊపిరి సామర్థ్యం తగ్గుతుందా? రేపెప్పుడైనా ఛాతీ ఆపరేషన్ అవసరమైతే ఎలా? అబ్బాయి ఎంఎస్‌కి విదేశం వెళ్లాలి, విమానం ఎక్కొచ్చా?

నా ప్రశ్న కూడా ఒకటుంది. ఫార్మసీలో రెండు రకాల టాల్క్ ఉందంటున్నారు: కంపెనీ సీసాలో వచ్చేది ఒకటి, ఆసుపత్రిలోనే స్టెరిలైజ్ చేసుకునేది ఇంకొకటి. తేడా నిజంగా అంత ఉంటుందా?

జవాబు 1: ఛాతీ_వైద్యం (పల్మనాలజిస్ట్)

ముందు ఇది అవసరమా అన్న సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే తండ్రి గారి అసలు సందేహం అదే అయి ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు మళ్లీ రావడానికి అవకాశం దాదాపు 30 శాతం, అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోపే. రెండోసారి అదే వైపు వచ్చిందంటే లెక్క బాగా పెరుగుతుంది. అందుకే రెండో ఎపిసోడ్ దగ్గర శాశ్వత చికిత్స గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో చేసిన 2020 నాటి ట్రయల్ చూపించి "పైపు కూడా అక్కర్లేదు, ఊరికే చూస్తూ ఉంటే చాలు" అనేవారున్నారు. ఆ ట్రయల్ మొదటిసారి వచ్చినవారి మీద చేసింది. మీ పేషెంటుకు అది వర్తించదు.

టాల్క్ ఎంతవరకు పనిచేస్తుందంటే, స్విట్జర్లాండ్ కేంద్రంగా జరిగి 2002లో వచ్చిన ట్రయల్‌లో థొరాకోస్కోపీ (ఛాతీలోకి కెమెరా గొట్టం పంపడం) చేసి టాల్క్ చల్లినవారిని, పైపు మాత్రమే వేసినవారిని పోల్చారు. ఐదేళ్లలో మళ్లీ వచ్చింది టాల్క్ వర్గంలో 5 శాతం మందికి, పైపు వర్గంలో 34 శాతం మందికి. రోమ్ నుంచి 2006లో వచ్చిన 861 మంది సిరీస్‌లో వాట్స్, టాల్క్ తర్వాత సగటున నాలుగేళ్లకు పైగా గమనిస్తే తిరగబెట్టింది 1.73 శాతం. తిరగబెట్టినవారిలో పొగ తాగేవాళ్లే ఎక్కువ. ఈ ఒక్క ముక్క అబ్బాయి ముందు కూర్చుని చెప్పాలి.

ఇక పొడి ఉండిపోతుందా? ఉండిపోతుంది, దాచాల్సిన పని లేదు. టాల్క్ అంటే మెగ్నీషియం సిలికేట్, ఒంట్లో కరగదు. ప్లూరా (ఊపిరితిత్తినీ ఛాతీ లోపలి గోడనూ కప్పే రెండు పొరలు) మీద అది మంట పుట్టిస్తుంది, జిగురు లాంటి ఫైబ్రిన్ పేరుకుంటుంది, కొన్ని వారాల్లో రెండు పొరలూ అతుక్కుపోతాయి. రేణువులు ఆ మచ్చ కణజాలంలోనే చిక్కుకుని ఉంటాయి. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మాంట్రియల్‌లో నార్మన్ బెథ్యూన్ 1935లోనే లోబెక్టమీకి (ఊపిరితిత్తిలో ఒక భాగం తీసే ఆపరేషన్) ముందు పొరలు అతికించడానికి దీన్ని వాడారు. అందువల్లే మనకు ముప్పై, నలభై ఏళ్ల వెనకటి పేషెంట్ల సమాచారం దొరుకుతోంది.

క్యాన్సర్ సంగతి. 1979లో బ్రిటన్‌లో టాల్క్ లేదా కేయొలిన్ (తెల్ల బంకమట్టి) తో ప్లూరోడెసిస్ చేయించుకున్న 210 మందిని 14 నుంచి 40 ఏళ్ల తర్వాత వెతికి చూశారు. మెసోథీలియోమా (ప్లూరాలో పుట్టే క్యాన్సర్) ఒక్కటీ లేదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ కూడా మామూలు కంటే ఎక్కువ కనిపించలేదు. 1988లో డెన్మార్క్ వాళ్లు 22 నుంచి 35 ఏళ్ల తర్వాత పరీక్షించిన పేషెంట్లలోనూ మెసోథీలియోమా లేదు. మెసోథీలియోమా భయానికి మూలం ఆస్బెస్టాస్. గనిలో టాల్క్ పక్కనే ఆస్బెస్టాస్ ఖనిజం ఉండొచ్చు కాబట్టి, శుద్ధి చేసి పరీక్షించని టాల్క్‌లో అది కలిసే వీలుంది. వైద్యానికి వాడేది ఆస్బెస్టాస్ లేదని ధ్రువీకరించినదై ఉండాలి.

2024లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్క్‌ని "బహుశా క్యాన్సర్ కారకం" అన్న 2ఎ వర్గంలో చేర్చింది. తండ్రి గారు ఆ వార్త కూడా చదివి ఉండొచ్చు, అడిగితే తప్పించుకోకండి. ఆ నిర్ణయానికి ఆధారాలు అండాశయ క్యాన్సర్ మీద పరిమితంగా దొరికిన సమాచారం, జంతువుల మీద ప్రయోగాలు, కణాల స్థాయిలో కనిపించిన మార్పులు. ప్లూరాలో ఒకసారి వేసిన రెండు గ్రాముల వల్ల క్యాన్సర్ వచ్చిందని చూపించిన ఫాలోఅప్ లేదు. పై రెండు అధ్యయనాల్లోనూ పేషెంట్ల సంఖ్య వందల్లోనే ఉంది కాబట్టి "సున్నా ప్రమాదం" అనే మాట నేను వాడను. "దశాబ్దాలు చూసినా కనబడలేదు" అంటాను.

ఊపిరి సామర్థ్యం గురించి కూడా ఆ డెన్మార్క్ అధ్యయనమే మంచి ఆధారం. టాల్క్ వర్గంలో మొత్తం ఊపిరితిత్తుల సామర్థ్యం, టీఎల్‌సీ, ఉండాల్సిన దానిలో సగటున 89 శాతం ఉంది, పైపు మాత్రమే వేసినవారిలో 95 దాటింది. అంటే కొద్దిపాటి తగ్గుదల ఉంది. పరీక్షలో తెలుస్తుంది గానీ మెట్లెక్కేటప్పుడు తెలియదు. ఇరవై ఏళ్లు సిగరెట్ తాగితే పోయే ఊపిరితో పోలిస్తే ఇది చాలా చిన్నది.

జవాబు 2: థొరాసిక్_ఓటీ (సర్జన్)

పై జవాబుతో ఏకీభవిస్తూ ఓటీ వైపు నుంచి చెబుతాను. ఊరి_క్లినిక్ గారూ, మీరు చివర్లో అడిగిన టాల్క్ రకం ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది. తండ్రి గారి భయమంతా క్యాన్సర్ మీద ఉంది. నిజంగా ప్రాణం మీదకు తెచ్చిన సమస్య మొదటి మూడు రోజుల్లో వచ్చే ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి ఆక్సిజన్ అందని స్థితి), దానికి కారణం రేణువుల సైజు.

పక్కటెముకల వైపు ప్లూరాలో లింఫ్‌లోకి దారితీసే సూక్ష్మమైన రంధ్రాలుంటాయి, పది మైక్రాన్లకు అటూ ఇటూ. అంతకంటే సన్నటి పొడి ఆ దారిన రక్తంలోకి వెళ్లి, రెండో ఊపిరితిత్తితో సహా ఒళ్లంతా మంట రేపుతుంది. గ్రేడెడ్ టాల్క్ అంటే ఆ సన్న రేణువులను చాలావరకు తీసేసినది. 2004లో బ్రిటన్‌లో రెండు రకాలనూ పోల్చినప్పుడు, సన్న రేణువులు ఎక్కువున్న టాల్క్ వేసినవారిలోనే ఆక్సిజన్ ఎక్కువగా పడిపోయింది. గ్రేడెడ్ టాల్క్‌తో ప్రైమరీ న్యూమోథొరాక్స్‌కి (వేరే ఊపిరితిత్తుల జబ్బు లేకుండా వచ్చేది) చేసిన 418 మంది సిరీస్ 2011లో యూరప్ నుంచి వచ్చింది. ఏఆర్‌డీఎస్ ఒక్కరికీ రాలేదు.

ఆసుపత్రిలో స్టెరిలైజ్ చేసిన పొడితో ఇబ్బంది ఇక్కడే. డ్రై హీట్ అయినా, గామా అయినా, ఇథిలీన్ ఆక్సైడ్ అయినా క్రిములను చంపుతాయి. రేణువుల సైజును అవి మార్చవు, ఆస్బెస్టాస్‌ని తీసేయవు. "స్టెరైల్" అన్న ముద్ర చూసి తృప్తి పడకండి. సీసా మీద గ్రేడెడ్ లేదా క్యాలిబ్రేటెడ్ అని ఉందా, ఆస్బెస్టాస్ లేదన్న సర్టిఫికెట్ ఉందా అని అడగండి. రెండూ లేకపోతే 23 ఏళ్ల కుర్రాడికి ఆ పొడి వేయొద్దు. వేరే పద్ధతులు ఉన్నాయి కదా.

డోసు. క్యాన్సర్ వల్ల ఛాతీలో చేరే నీటికి 4, 5 గ్రాములు వాడతారు. న్యూమోథొరాక్స్‌లో ప్లూరా ఆరోగ్యంగా ఉంటుంది, బాగా స్పందిస్తుంది, 2 గ్రాములు సరిపోతాయి. ఒకే రోజు రెండు వైపులా చల్లకూడదు. చల్లేటప్పుడు ఒకే చోట కుప్ప పడితే అక్కడ టాల్క్ గడ్డ కడుతుంది, మిగతా చోట్ల అతకదు. అటామైజర్‌తో ఎపెక్స్ నుంచి డయాఫ్రం దాకా పలుచగా మంచు పట్టినట్టు కనిపించాలి. అంతకుముందే నీళ్లు పోసి ఊపిరితిత్తిని ఊది స్టేపుల్ లైన్ దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూసుకోవాలి. ఆ నీళ్లన్నీ పీల్చేశాకే పొడి. తడి గుంటలో పడిన టాల్క్ ముద్ద అవుతుంది.

చల్లాక 24 లేదా 28 ఫ్రెంచ్ (పైపు లావు కొలత) డ్రెయిన్ ఎపెక్స్ దాకా, మైనస్ 20 సెంటీమీటర్ల సక్షన్ (గాలిని బయటికి లాగే ఒత్తిడి) ఒకటి రెండు రోజులు. రెండు పొరలూ తాకి ఉంటేనే అతుకుతాయి. మధ్యలో గాలి జానెడు ఉందంటే ఎంత టాల్క్ వేసినా వృథా. ఫెయిలైన కేసుల్లో ఎక్కువ శాతం ఇదే కారణం: ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకోలేదు, లేదా తొందరపడి డ్రెయిన్ తీసేశారు.

మొదటి రెండు రోజులు 38, 39 డిగ్రీల జ్వరం, గట్టి నొప్పి వస్తాయి, అది టాల్క్ పని చేస్తున్న గుర్తు. సీఆర్‌పీ (ఒంట్లో మంటను చూపే రక్తపరీక్ష) కూడా పెరుగుతుంది. దాన్ని చూసి యాంటీబయాటిక్ మార్చకండి. మూడో రోజు తర్వాత జ్వరం పెరిగినా, డ్రెయిన్‌లో చీము రంగు కనిపించినా, ఆక్సిజన్ అవసరం పెరుగుతున్నా అప్పుడు ఆలోచించాలి. నొప్పికి పారావర్టిబ్రల్ బ్లాక్ (వెన్నెముక పక్క నరాలకిచ్చే తిమ్మిరి ఇంజెక్షన్) బాగా పనిచేస్తుంది. స్టెరాయిడ్ మాత్రం ఆ రోజుల్లో వద్దు, మంటను అణిచేస్తే అతుకు బలహీనపడే ప్రమాదముంది.

ఇక నా అభిప్రాయం, దీన్ని మిగతా సర్జన్లు ఒప్పుకోకపోవచ్చు. ఇరవైల్లో ఉన్నవాడికి నా మొదటి ఎంపిక బ్లెబ్‌లు స్టేపుల్ చేసి ఎపెక్స్ దగ్గర ప్లూరెక్టమీ (ఛాతీ గోడ వైపు పొరను ఒలిచేయడం), కింద గాజుగుడ్డతో అబ్రేషన్ (పొరను రుద్దడం). వాట్స్‌లో తిరగబెట్టడం దాదాపు 5 శాతం, పరాయి పదార్థం ఏదీ మిగలదు. బదులుగా ఆపరేషన్ తర్వాత రక్తస్రావం కొంచెం ఎక్కువ, ఛాతీ మీద తిమ్మిరి కొందరికి నెలలపాటు ఉంటుంది. టాల్క్ తక్కువ సమయంలో అయిపోతుంది, అతుకు గట్టిగా ఉంటుంది. రెండూ సరైన దారులే. మీ సర్జన్ గారికి టాల్క్‌లో మంచి అనుభవం ఉండి, గ్రేడెడ్ టాల్క్ చేతిలో ఉంటే నేను అడ్డు చెప్పను.

ఊరి_క్లినిక్:

చాలా కృతజ్ఞతలు. ఫార్మసీలో సర్టిఫికెట్ అడిగిస్తాను. తండ్రి గారి ఇంకో ప్రశ్న మిగిలింది: మున్ముందు గుండె బైపాస్ లాంటిది అవసరమైతే? అలాగే నా దగ్గరే ఇంకో పేషెంటు, 61 ఏళ్లు, పాత టీబీ, సీఓపీడీ (దీర్ఘకాలిక శ్వాసనాళాల జబ్బు), ఎఫ్ఈవీ1 (ఒక సెకనులో ఊదగలిగే గాలి) చాలా తక్కువ. వారం దాటినా పైపు బాటిల్‌లో బుడగలు ఆగడం లేదు, అంటే ఊపిరితిత్తి నుంచి గాలి కారుతూనే ఉంది. మత్తు ఇవ్వలేమన్నారు. అక్కడ టాల్క్ పైపు గుండా వేయొచ్చా?

జవాబు 3: థొరాసిక్_ఓటీ

బైపాస్ చేయొచ్చు. రొమ్ము ఎముకను కోసి ముందు నుంచే వెళ్తారు కాబట్టి కుడి వైపు అతుకు పెద్ద అడ్డంకి కాదు. ఎడమ వైపు టాల్క్ వేసి ఉంటే బైపాస్‌కి వాడే ఛాతీ రక్తనాళం, ఇంటర్నల్ మామరీ ఆర్టరీ, తీయడం కష్టమవుతుంది, సమయం పడుతుంది. లోబెక్టమీ అవసరమైతే అతుకులు విడదీయడానికి గంటలు పట్టొచ్చు, రక్తం ఎక్కువ పోతుంది. ఊపిరితిత్తి మార్పిడి వచ్చే అవకాశమున్న జబ్బులు, అంటే సిస్టిక్ ఫైబ్రోసిస్, ఎల్ఏఎం (ఊపిరితిత్తుల్లో తిత్తులు వచ్చే అరుదైన జబ్బు) లాంటివి ఉంటే టాల్క్ వేసే ముందు మార్పిడి కేంద్రంతో మాట్లాడటం మంచిది. పాత ప్లూరోడెసిస్ ఉన్నా ఇప్పుడు మార్పిడికి తిరస్కరించరు, కాకపోతే ఆపరేషన్ కఠినం. మీ కుర్రాడికి ఇవేవీ లేవు.

ఒక్క విషయం: ఇదే కథ 35 ఏళ్ల స్త్రీలో కుడి వైపు వచ్చి ఉంటే నెలసరి మొదలైన మూడు రోజుల్లో వస్తోందా అని తప్పక అడగాలి. అక్కడ డయాఫ్రంలో రంధ్రాలుంటాయి, వాటిని మూయకుండా, హార్మోన్ చికిత్స లేకుండా టాల్క్ ఒక్కటే వేస్తే మళ్లీ వస్తుంది.

జవాబు 4: వార్డు_పల్మో (ఛాతీ వార్డు రెసిడెంట్)

61 ఏళ్ల పేషెంటు గురించి. మత్తు కుదరనప్పుడు స్లర్రీ (సెలైన్‌లో కలిపిన టాల్క్‌ని పైపు గుండా వేయడం) ఒక దారి, కానీ గాలి కారుతున్నవారిలో స్లర్రీ చేసేటప్పుడు జరిగే ప్రమాదం ఒకటుంది. మామూలుగా మందు వేశాక పైపును గంటసేపు క్లాంప్ చేయమంటారు, అంటే బిగించి మూసేయమంటారు. బుడగలు వస్తున్న పైపును క్లాంప్ చేస్తే టెన్షన్ న్యూమోథొరాక్స్ (లోపల చిక్కుకున్న గాలి గుండెను నొక్కేసే ప్రాణాపాయం) అవుతుంది. క్లాంప్ చేయొద్దు. పైపును సెలైన్ స్టాండ్ మీదుగా పేషెంటు ఛాతీకి దాదాపు రెండడుగుల పైకి వంపు తిప్పి, అక్కడి నుంచి బాటిల్‌లోకి దింపండి. గాలి పైకెక్కి బయటికి పోతుంది, ద్రవం ఆ వంపు దాటలేక లోపలే ఉంటుంది. సక్షన్ ఆ గంట ఆపి ఉంచాలి.

ఈ పేషెంటుకి నేను టాల్క్ కన్నా ముందు రక్తం ప్యాచ్ ప్రయత్నిస్తాను. పేషెంటు చేతి నుంచే కిలోకి 1 నుంచి 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, ఏ ఆంటికోయాగ్యులెంట్ (గడ్డకట్టకుండా ఆపే మందు) లేకుండా, గడ్డకట్టే లోపే పైపులోకి ఎక్కించి, పైన చెప్పిన వంపు పెట్టడమే. సిరంజిలన్నీ సిద్ధం చేసుకుని ఇద్దరు ఉండాలి, ఒకరు తీస్తుంటే ఒకరు ఎక్కించాలి. ఆలస్యమైతే సన్న పైపులో గడ్డ కట్టి పైపే మూసుకుపోతుంది, అప్పుడు గాలి బయటికి పోయే దారి ఉండదు. అందుకే ఆ రాత్రి బుడగలు ఆగితే సంతోషించే ముందు నీటి మట్టం ఊపిరితో పాటు ఆడుతోందో లేదో చూడాలి. ఆడకపోతే ఆగింది గాలి కాదు, పైపు. చర్మం కింద కరకరలాడే గాలి పెరిగినా అదే అనుమానం.

టాల్క్ స్లర్రీయే వేయాల్సి వస్తే: ముందు లిగ్నోకైన్ (తిమ్మిరి మందు) కిలోకి 3 మిల్లీగ్రాములు, 250కి మించకుండా, పైపు గుండా. గ్రేడెడ్ టాల్క్ 4 గ్రాములు 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో. ఇది కరగదు, రెండు నిమిషాలు వదిలేస్తే అడుగున పేరుకుంటుంది. సిరంజి ఊపుతూనే ఎక్కించాలి, వెంటనే 20, 30 మిల్లీలీటర్ల సెలైన్‌తో కడిగేయాలి. పేషెంటుని పక్కలు తిప్పాల్సిన పని లేదు, టాల్క్ పరచుకోవడంలో దాని వల్ల తేడా రాదని తేలింది. వేసిన 72 గంటల వరకు ఆక్సిజన్ సాచురేషన్ గమనించాలి. ఈ పేషెంటుకి అసలే ఊపిరి తక్కువ కాబట్టి ఇది కచ్చితంగా చేయాలి.

టాల్క్ దొరకనిచోట మన దగ్గర పొవిడోన్ అయోడిన్, డాక్సీసైక్లిన్ వాడుతున్నారు. అయోడిన్ అయితే 10 శాతం ద్రావణం 20 మిల్లీలీటర్లు, 80 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి. థైరాయిడ్ జబ్బు, అయోడిన్ అలర్జీ ఉన్నవారికి వద్దు. ఎక్కువ పరిమాణంలో వాడినప్పుడు చూపు దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి, కొలత దాటొద్దు.

జవాబు 5: సీటీ_గది (రేడియాలజిస్ట్)

దీర్ఘకాలంలో టాల్క్ పేషెంట్లకు జరిగే నష్టంలో కొంత భాగం మా వల్ల, అంటే పాత సంగతి తెలియక స్కాన్ చదివినందువల్ల జరుగుతుంది.

టాల్క్ సీటీలో తెల్లగా, క్యాల్షియం దగ్గరి సాంద్రతతో కనిపిస్తుంది, ఎక్కువగా వెనక భాగంలో కింద, ప్లూరా వెంబడి పలకలుగానో ముద్దగానో. పెట్ స్కాన్‌లో (చురుగ్గా ఉన్న కణాలు వెలిగి కనిపించే స్కాన్) అది ఏళ్ల తరబడి వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే అక్కడి మంట పూర్తిగా చల్లారదు. పదిహేనేళ్ల తర్వాత వేరే ఏదో కారణానికి పెట్ తీస్తే "ప్లూరాలో మెటాస్టాసిస్" (వేరే చోటి నుంచి పాకిన క్యాన్సర్) అనో, "మెసోథీలియోమా అనుమానం" అనో రిపోర్టు వచ్చేస్తుంది. మన దగ్గరైతే టీబీ అని మందులు మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. వెలుగుతున్న చోటే సీటీలో తెల్లటి సాంద్రత ఉంటే టాల్క్ అనుకోవాలి. వెలుగుతున్నా సాంద్రత లేకపోతే, లేదా పాత స్కాన్ కన్నా పెరుగుతుంటే అప్పుడు బయాప్సీ. కాబట్టి డిశ్చార్జి అయిన రెండు మూడు నెలలకు ఒక బేస్‌లైన్ ఎక్స్‌రే తీసి ఫైల్లో పెట్టించండి.

ఇంకా ముఖ్యమైనది క్యాజువాల్టీలో జరిగేది. ప్లూరోడెసిస్ తర్వాత అల్ట్రాసౌండ్‌లో లంగ్ స్లైడింగ్ (ఊపిరితో పాటు పొరలు ఒకదాని మీద ఒకటి జారడం) కనబడదు, పొరలు అతికాయి కాబట్టి. యాక్సిడెంట్‌లో తెచ్చిన పేషెంటుకి ఫాస్ట్ స్కాన్ (గాయపడ్డవారికి వెంటనే చేసే అల్ట్రాసౌండ్) చేసే డ్యూటీ డాక్టర్ అది చూసి న్యూమోథొరాక్స్ అనుకుని ఐసీడీ వేస్తే, పైపు నేరుగా ఊపిరితిత్తిలోకి దిగుతుంది. ఆ చోట బీ లైన్లు (ప్లూరా నుంచి కిందికి దిగే తెల్ల గీతలు) గానీ, గుండె కొట్టుకున్నప్పుడల్లా ప్లూరా చిన్నగా అదరడం గానీ కనిపిస్తే అక్కడ గాలి లేదు. టాల్క్ తర్వాత నిజంగా మళ్లీ వచ్చినా అది ఒక మూల చిన్న గది లాగా వస్తుంది. అప్పుడు మామూలు చోట గుడ్డిగా పైపు వేయకూడదు, సీటీ చూసుకుని, ఆ గదిలోకే గైడెడ్‌గా వేయాలి. పేషెంటు ప్రాణాపాయ స్థితిలో లేకపోతే సీటీకి ఆ పది నిమిషాలు ఆగడమే క్షేమం.

జవాబు 6: ఛాతీ_వైద్యం

సీటీ_గది గారు చెప్పిన క్యాజువాల్టీ విషయం డిశ్చార్జి సమ్మరీలో కనబడాలి. చాలా సమ్మరీల్లో "వాట్స్ ప్రొసీజర్ డన్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు, దాని వల్ల ఉపయోగం లేదు. ఏ వైపు, ఏ తేదీ, గ్రేడెడ్ టాల్క్ ఎన్ని గ్రాములు, బ్యాచ్ నంబరు, ఎక్కడ స్టేపుల్ వేశారు, రెండో వైపు చేయలేదు అన్న మాట కూడా ఉండాలి. అబ్బాయి ఫోన్లో ఆ పేజీ ఫోటో ఉంచుకోమనండి. రెండో వైపు గురించి ఎందుకంటే, ఈ ఆపరేషన్ కుడి వైపును మాత్రమే కాపాడుతుంది. ఎడమ వైపు హఠాత్తుగా నొప్పి, ఆయాసం వస్తే "నాకు ఆపరేషన్ అయిపోయింది కదా" అని ఇంట్లో కూర్చోకూడదు.

విమానం: డ్రెయిన్ తీశాక ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకున్నట్టు కనబడిన రోజు నుంచి కనీసం ఏడు రోజులు. ఆపరేషన్ అయింది కాబట్టి నేనైతే రెండు వారాలు ఆగమంటాను, సర్జన్ గారి అనుమతి కాగితం చేతిలో ఉండాలి. ఎంఎస్‌కి వెళ్లేవాళ్లు టికెట్ ముందే కొనేసి ఎక్స్‌రే తర్వాత చూద్దాం అంటారు. ఎక్స్‌రే అయ్యాకే టికెట్ అని ఇంట్లో గట్టిగా చెప్పండి.

స్కూబా డైవింగ్ మాత్రం వద్దు, టాల్క్ వేయించుకున్నా వద్దు. బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ రెండు వైపులా సర్జికల్ ప్లూరెక్టమీ చేయించుకుని, సీటీ, ఊపిరి పరీక్షలు మామూలుగా ఉన్నవారికే మినహాయింపు ఇస్తుంది. నీటి పైన ఈత కొట్టుకోవచ్చు. జిమ్, క్రికెట్ నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత, నొప్పిని బట్టి మెల్లగా.

సిగరెట్ సంగతి ఇప్పుడే, ఐసీడీ ఒంట్లో ఉండగానే మాట్లాడండి, మానడానికి ఒప్పుకునే అవకాశం ఈ వారంలోనే ఎక్కువ. అవసరమైతే నికోటిన్ గమ్ డిశ్చార్జి మందుల్లోనే రాయించండి. గంజాయి అలవాటుందా అని తల్లిదండ్రులు గదిలో లేనప్పుడు విడిగా అడగండి. లోతుగా పీల్చి ఊపిరి బిగపట్టే అలవాటు బ్లెబ్‌లకు మరీ చెడ్డది, తండ్రి పక్కనుంటే ఏ కుర్రాడూ నిజం చెప్పడు.